ఖాళీ బ్యాగు బరువు

పొద్దున పంపిన బ్యాగులన్నీ మధ్యాహ్నానికి తిరిగొచ్చాయి. స్కూలు వ్యాను డ్రైవరు వాటిని లోపలికి కూడా తేలేదు. కట్టలు కట్టలుగా గుమ్మం ముందు దింపేసి, "మేనేజరు గారు ఫోన్ చేస్తారంటక్కా" అని ఒక్క మాట అని వెళ్ళిపోయాడు.

జిప్పులక్క చేతిలో కత్తెర అలాగే పట్టుకుని బయటికొచ్చింది. పైనున్న బ్యాగు తీసి కుట్లు చూసింది. జిప్పు లాగి చూసింది. భుజాల పట్టీలు రెండు చేతులా పట్టుకుని గుంజి చూసింది. ఎక్కడా ఏ లోపమూ లేదు. లోపముండి సరుకు తిరిగొస్తే ఆమెకి భయం లేదు, సరిచేసి మళ్ళీ పంపుతుంది. లోపం లేకుండా తిరిగొచ్చిందంటే బేరం ఎక్కడో తన కంటికి కనపడని చోట చెడిందన్నమాట.

లోపల మిషన్లు ఆగిపోయాయి. కుట్టేవాళ్ళంతా ఆమె మొహం వైపే చూస్తున్నారు. "చూసింది చాలు, కానివ్వండి" అంది. ఏం కానివ్వాలో వాళ్ళకీ తెలియదు, ఆమెకీ తెలియదు.

ఆమెకి ఆ పేరు పెట్టింది వీధివాళ్ళు. భర్త పోయిన కొత్తలో వీధి చివర ఒక స్టూలు వేసుకుని, పాడైన జిప్పులు మారుస్తూ మొదలుపెట్టింది. తర్వాత ఆడపడుచు వచ్చి చేరింది. ఆమెది మంచి చెయ్యి, గీత గీసినట్టు కుడుతుంది. ఇద్దరూ కలిసి జిప్పుల నుంచి పట్టీలకి, పట్టీల నుంచి బ్యాగులకి ఎదిగారు. ఇప్పుడు ఒక పొడుగాటి గది, అయిదు మిషన్లు, గుడ్డ కత్తిరించడానికి ఒక ముసలాయన. స్పాంజి పొడి గాలిలో తేలుతూ అందరి జుట్టుకీ తెల్లగా అంటుకుంటుంది. అద్దె, కరెంటు, కూలీలు పోగా ఇల్లు గడుస్తుంది.

అయితే స్కూలు బ్యాగుల వ్యాపారానికి ఒక రోగముంది. బడులు తెరిచే రోజుల్లో ఊపిరి తీసుకోనివ్వదు, ఆ తర్వాత చూద్దామన్నా బేరం ఉండదు. ఏడాది మధ్యలో మిషన్లు గుడ్డ కప్పుకుని కూర్చుంటాయి. అలాంటి నెలల్లో ఈ ఆర్డరు వచ్చింది. పెద్ద స్కూలు, ప్రతి పిల్లకీ ఒక బ్యాగు. మొదటి విడత ఒక తరగతికి ఇప్పటికే ఇచ్చేసింది. ఆ తరగతిలోనే ఆడపడుచు కూతురు కూడా చదువుతోంది. రెండో విడతే ఇప్పుడు గుమ్మంలో పడి ఉంది. ఇది పోతే ఇద్దరు ముగ్గురిని మాన్పించాలి. ఎవర్ని మాన్పించాలో ఆమె మనసు అప్పుడే లెక్క మొదలుపెట్టింది. ఆ లెక్క ఆమెకి నచ్చలేదు.

మేనేజరు ఫోన్ చేశాడు. బ్యాగు బాగుందన్నాడు. రంగు బాగుంది, కుట్టు బాగుంది. లేబుల్ మాత్రం లేదన్నాడు.

సంగతేమిటంటే, కొన్నాళ్ళ క్రితం ఆసుపత్రి నుంచి ఒక డాక్టరమ్మ స్కూలుకొచ్చి, పిల్లల బ్యాగుల బరువు గురించి తల్లిదండ్రులకి సలహాలిచ్చి వెళ్ళింది. ఆ వారంలోనే స్కూలు వాళ్ళు కాగితం పంపారు. పాత బ్యాగులు పనికిరావు, వెన్నుకి హాని చెయ్యని కొత్త బ్యాగు స్కూల్లోనే కొనాలి అని. ఒక బ్యాగు ధర మామూలు కూలివాడికి మూడు రోజుల కష్టం. దాంతో తల్లిదండ్రులు గొణగడం మొదలుపెట్టారు. ఇది వెన్నుకి మంచిదని ఎవరన్నారు, చూపించండి అన్నారు. కాబట్టి ప్రతి బ్యాగు లోపలా ఒక లేబుల్ కుట్టాలి, దాంతోపాటు ఆ డాక్టరమ్మ సంతకంతో ఒక కాగితం కావాలి. రేపు సాయంత్రానికల్లా.

"లేకపోతే ఇంకో పార్టీ ఉన్నాడమ్మా. లేబుల్, సంతకం అన్నీ అతనే తెచ్చుకుంటాడు. ఆ డాక్టరెవరో నేను అడగను కూడా" అన్నాడు మేనేజరు.

ఫోన్ పెట్టేశాక జిప్పులక్క మనసు కాస్త కుదుటపడింది. ఆ డాక్టరమ్మ తనకి తెలిసిన మనిషే. అసలు ఉద్యోగం పేరు ఆక్యుపేషనల్ థెరపిస్టు. ఆ మాటకి నోరు తిరగక, జనం ఆమెని గుండీల డాక్టరమ్మ అంటారు. పక్షవాతం వచ్చి లేచినవాళ్ళకి చొక్కా గుండీలు పెట్టుకోవడం, చెంచా పట్టుకోవడం, తలుపు గడియ తియ్యడం మళ్ళీ మొదటి నుంచి నేర్పుతుంది. ఒకప్పుడు కత్తెర పట్టీ పట్టీ జిప్పులక్క బొటనవేలు వాచిపోతే, మందు బిళ్ళ కూడా రాయకుండా కత్తెర పిడికి గుడ్డ చుట్టించి, బల్ల ఎత్తు పెంచమని చెప్పి వాపు తగ్గించింది. ఒక సంతకం ఎంతసేపు?

ఆ రోజు ఆడపడుచు కూతురు పాప నడుం నొప్పని బడి నుంచి ముందే వచ్చేసి, ఒక మూల గోడకి ఆనుకుని కూర్చుంది. జిప్పులక్క ఆ పిల్లనే బయల్దేరదీసింది. "ఖాళీ బ్యాగు తగిలించుకో. డాక్టరమ్మకి చూపిద్దాం" అంది.

*

ఆసుపత్రిలో చాలాసేపు కూర్చోబెట్టారు. గది లోపల ఒక తాపీమేస్త్రి చొక్కా గుండీతో కుస్తీ పడుతున్నాడు. గుండీ రంధ్రం దాకా వచ్చి జారిపోతోంది. డాక్టరమ్మ పక్కన చేతులు కట్టుకుని నిలబడి ఉంది, సాయం చెయ్యడం లేదు. మేస్త్రి ఆమెని గొంతులోపలే తిట్టుకుంటున్నాడు. ఆమెకి వినిపిస్తూనే ఉంది. చివరికి గుండీ దూరింది. మేస్త్రి "రెండోది మీరు పెట్టండి" అన్నాడు. ఆమె నవ్వి బయటికొచ్చింది.

"ఏం జిప్పులక్కా, గుండీల దగ్గరికొచ్చావు? జిప్పులు గిట్టుబాటు కావట్లేదా?"

జిప్పులక్క బ్యాగు గురించి పొంగిపోతూ చెప్పింది. ఆ రోజు స్కూల్లో డాక్టరమ్మ చెప్పినవన్నీ విని, ఒక్కటీ వదలకుండా కుట్టింది. వెడల్పు పట్టీలు, వాటిలో స్పాంజి. వీపు వైపు దిండు, అది వంగకుండా లోపల అట్ట. రొమ్ము మీద క్లిప్పు, నడుముకి బెల్టు. ఏ పుస్తకానికా అర. ఇంత చేశాక ఒక సంతకం కావాలంతే.

"పెడతాను. ఏమని రాసి పెట్టమంటావు?"

"ఈ బ్యాగు వేసుకుంటే పిల్లలకి వెన్నునొప్పి రాదని."

"అది నాకు తెలియదే."

జిప్పులక్క తన చెవులనే నమ్మలేదు. తెలియకపోవడమేమిటి? ఇది వీళ్ళ పనే కదా. డాక్టరమ్మ కుర్చీ దగ్గరకి లాక్కుని ఓపిగ్గా చెప్పుకొచ్చింది. చాలా చోట్ల పిల్లల బ్యాగులు తూచారు, వాళ్ళని నొప్పుల గురించి అడిగారు. బరువెక్కువైతే నొప్పులెక్కువని కొందరికి తేలింది. చాలామందికి అలా తేలలేదు. అన్నీ కలిపి చూసినవాళ్ళు, బ్యాగు బరువే వెన్నునొప్పి తెస్తుందని గట్టిగా చెప్పడానికి ఆధారం చాలదన్నారు. బరువెక్కువైతే పిల్ల ముందుకి వంగుతుంది, తొందరగా అలిసిపోతుంది. ఇంతవరకూ కంటికి కనిపించేదే. అది ముందుముందు జబ్బవుతుందా అంటే ఎవరూ తేల్చలేదు.

"మరి ఆ రోజు పదో వంతు అన్నారు? పిల్ల బరువులో పదో వంతు దాటకూడదని?"

"అన్నాను. అది జాగ్రత్త కోసం పెట్టుకున్న గీత. ఇంకొంచెం ఎక్కువైనా పరవాలేదనేవాళ్ళూ ఉన్నారు. అది దాటిన మర్నాడు నడుం పట్టేస్తుందని కాదు. కానీ ఒక అంకె చెప్పకపోతే ఎవరూ వినరు. అంకె చెబితే అదొక్కటే వింటారు."

జిప్పులక్కకి అరికాలి మంట నెత్తికెక్కింది. గుడ్డల కొట్టువాడు ఇరవై మీటర్లంటే ఇరవై మీటర్లు కొలిచిస్తాడు. తాను ఏడాది పూచీ అంటే ఏడాది లోపల ఊడిన జిప్పు ఊరికే మారుస్తుంది. ఇంత చదువుకుని, ఇంత జీతం తీసుకుని, కావచ్చు, కాకపోవచ్చు అనడమేమిటి? ఆ మాట పైకే అనేసింది. డాక్టరమ్మకి కోపం రాలేదు. వస్తే బాగుండుననిపించింది.

ఆ రోజు స్కూల్లో తాను మొదట చెప్పింది పుస్తకాల గురించని డాక్టరమ్మ అంది. అక్కర్లేనివి ఇంట్లో ఉంచాలి, తరగతి గదిలో ఒక అలమారా పెట్టాలి. పిల్ల బరువుగా ఉందంటే ఆ మాట నమ్మాలి. పట్టీలు రెండూ వేసుకుని, బిగించుకోవాలి. బ్యాగు ఎలాంటిదైతే మంచిదని చివర్లో ఎవరో అడిగితే, దానికీ రెండు ముక్కలు చెప్పింది.

"మొదట చెప్పినవన్నీ పోయి, ఆ చివరి రెండు ముక్కలు మిగిలాయి. వాళ్ళు అమ్మగలిగేది అదొక్కటే మరి" అంటూ డాక్టరమ్మ పాప వీపు మీది బ్యాగు ఎత్తి చూసింది. చేత్తో ఎత్తినదల్లా ఆగిపోయింది. "ఇందులో ఏముంది?"

"ఏమీ లేదు. ఖాళీదే."

"దీన్ని ఎప్పుడైనా తూచావా?"

జిప్పులక్క ఎప్పుడూ తూచలేదు. ఆమె కొట్లో తక్కెడే లేదు. గుడ్డ మీటర్ల లెక్క, స్పాంజి షీట్ల లెక్క, జిప్పు చుట్టల లెక్క, క్లిప్పులు డజన్ల లెక్క. బరువు లెక్క ఆ వ్యాపారంలో ఎక్కడా రాదు. పాపని బ్యాగు లేకుండా ఒకసారి, బ్యాగుతో ఒకసారి బరువు చూసే యంత్రం ఎక్కించారు. డాక్టరమ్మ తేడా చూసి, ఆ అంకె మీద వేలు పెట్టి చూపించింది. ఆ పిల్ల బరువులో పదో వంతెంతో, అందులో సగం దాకా ఖాళీ బ్యాగే తినేసింది. స్పాంజి, అట్ట, బెల్టు, క్లిప్పులు, అరలు. ఒక్కొక్కటీ తేలికే. సలహా ఇచ్చిన ప్రతిదీ కలిపి కుట్టేసరికి సలహాకే ఎసరొచ్చింది.

ఆ తర్వాత డాక్టరమ్మ పాపని పక్కన కూర్చోబెట్టుకుని, రోజంతా ఏం చేస్తావని అడిగింది. పాప హుషారుగా చెప్పింది. బడిలో బెంచీ ఎత్తుగా ఉంటుంది, కాళ్ళు నేలకి ఆనవు. బడి అయ్యాక ట్యూషను. ట్యూషను అయ్యాక అత్త కొట్లో నేల మీద కూర్చుని, కుట్టిన బ్యాగులకి వేలాడే దారాలు కత్తిరిస్తుంది. గబగబా కత్తిరిస్తుంది, అమ్మకంటే తనకే ఎక్కువవుతాయి.

జిప్పులక్క మధ్యలో అందుకుంది. "ఆడుతూ పాడుతూ చేస్తుందండీ. ఎవరూ చెయ్యమనరు."

డాక్టరమ్మ తప్పు పట్టలేదు. గంటల తరబడి అలా వంగి కూర్చోవడం కూడా కారణం కావచ్చు, అదేనని తాను చెప్పలేనంది. బ్యాగే కారణమని చెప్పలేదు, కాదనీ చెప్పలేదు. కూర్చున్న చోట నుంచి పిల్లని లేపి తిప్పితే నష్టమైతే లేదంది. నొప్పి ఇలాగే ఉంటే పిల్లల డాక్టరుకి చూపించమంది.

"మీరు దేనికీ అవునని చెప్పరు" అంది జిప్పులక్క.

"ఒక్కదానికి చెబుతాను. పిల్ల మొయ్యలేకపోతోందంటే బరువు తగ్గించడానికి జబ్బు రుజువు కావాలా? మూట బరువుగా ఉందని పెద్దవాళ్ళం దింపేసుకుంటే మనల్ని ఎవరైనా రుజువు అడుగుతారా?"

చివరికి ఆమె ఒక కాగితం మీద తనకి తెలిసినంత రాసి, సంతకం పెట్టి ఇచ్చింది. జిప్పులక్క వరండాలో నిలబడి చదువుకుంది. రెండు పట్టీలూ వేసుకోండి, బిగించుకోండి. బరువైన పుస్తకం వీపు వైపు పెట్టండి. అక్కర్లేనివి తీసెయ్యండి. పిల్ల మాట నమ్మండి. ఇందుకు కొత్త బ్యాగు కొననక్కర్లేదు.

ఈ కాగితం తన బ్యాగుకి కుడితే తన పొట్టకి తానే కుట్టు వేసుకున్నట్టు. మడిచి జాకెట్టులో దోపుకుంది. పాప మళ్ళీ బ్యాగు తగిలించుకోబోతే, ఏమీ అనకుండా లాక్కుని తానే మోసుకొచ్చింది.

*

మర్నాడు పొద్దున స్కూలు గేటు దగ్గర పిల్లలు వరసగా నిలబడి ఉన్నారు. కొత్త బ్యాగులిచ్చిన తరగతి వాళ్ళదే ఆ వరస. ముందు ఆయా ఒకామె వేలాడే కాటా పట్టుకుని ఉంది. ఒక్కొక్కళ్ళ బ్యాగు కొక్కేనికి తగిలించి, ముల్లు చూసి, "పో" అంటోంది.

జిప్పులక్క ఒక పక్కన నిలబడి చూసింది. వరస చివర నిలబడినప్పుడు పిల్లల బ్యాగులు ఉబ్బి ఉన్నాయి. కాటా దగ్గరకొచ్చే ముందు ఒక్కొక్కళ్ళూ సగం పుస్తకాలు తీసి గుండెకి హత్తుకుంటున్నారు. బ్యాగు తూకం అవుతుంది, ముల్లు స్కూలు పెట్టిన గీత లోపలే ఆగుతుంది. గేటు దాటగానే పుస్తకాలు మళ్ళీ బ్యాగులో పడతాయి. ఒక పిల్లాడు మరీ ఎక్కువ తీసేసుకుని, గడ్డం కింద నొక్కిపెట్టుకున్నాడు. ఆయా అతని చేతిలోంచి జారిపోతున్న పుస్తకాన్ని తానే సర్ది పెట్టింది. అబద్ధమని ఎవరూ అనుకోవడం లేదు. గంట కొట్టినంత మామూలుగా జరిగిపోతోంది.

వరసలో పాప కూడా ఉంది. ఒక చేతిలో గుడ్డసంచి, దాంట్లో పుస్తకాలు. సంచి ఉన్న వైపుకి ఒళ్ళంతా ఒరిగిపోయింది. అత్తని చూసి, రెండో చెయ్యి ఊపింది.

గేటు బయట ఒకాయన కూతురి పాత బ్యాగు పట్టుకుని నిలబడ్డాడు. మార్కెట్లో మూటలు మోస్తాడు, అరిగిన భుజమే చెబుతోంది. బ్యాగులు కుట్టేది ఈమేనని ఎవరో చెప్పినట్టున్నారు, దగ్గరికొచ్చాడు. తనకి ఇద్దరు పిల్లలన్నాడు, పాత బ్యాగులు ఇంకా గట్టిగానే ఉన్నాయన్నాడు. "నిజం చెప్పక్కా, కొత్తది కొనకపోతే పిల్లలకి ఏమైనా అవుతుందా?"

నిన్నటి కాగితం ఆమె రొమ్ముకి గుచ్చుకుంటూనే ఉంది. "స్కూలు వాళ్ళు ఎలా చెబితే అలా చెయ్యి తమ్ముడూ" అని లోపలికి నడిచింది. నాలిక్కొసన ఉన్న మాట మింగడం వ్యాపారంలో కొత్తేమీ కాదు. ఈ మాట మాత్రం గొంతు దిగలేదు.

మేనేజరు గదిలో టీ తెప్పించాడు. డాక్టరమ్మ కాగితం ఒకసారి చదివి, నవ్వుతూ తిరిగిచ్చేశాడు. "పెద్దచదువులు చదివినవాళ్ళు ఇంతేనమ్మా. ఏదీ తేల్చరు." సంతకం అక్కర్లేదన్నాడు. పేరు లేకుండా లేబుల్ వేద్దాం, పేరు లేకపోతే ఎవరూ కాదనలేరు. సొరుగు లాగి లేబుళ్ళ చుట్ట తీశాడు. అప్పటికే అచ్చయి ఉన్నాయి. 'వెన్నుకు రక్ష. చికిత్సా నిపుణుల సలహా ప్రకారం తయారైనది.'

గేటు దగ్గర చూసింది ఆమె ఉన్నదున్నట్టు చెప్పింది. బ్యాగులో పుస్తకాలు చేతిలోకొస్తున్నాయి కదా అంది.

"సలహాలో వీపు మీద బరువన్నారు. చేతుల మాట ఎవరూ ఎత్తలేదు" అన్నాడతను. ఇంకా మంచి కబురు చెబుతున్నట్టు, "పిల్లలు పుస్తకాలు ఎత్తుకోలేక పడేసుకుంటున్నారు. ఇదే రంగులో గుడ్డసంచులు కూడా కుట్టివ్వు. ఆ ఆర్డరు కూడా నీకే" అన్నాడు.

పుస్తకాలే తగ్గిస్తే పోదా అని ఆమె అడిగింది. అది కుదరదన్నాడు. అభ్యాస పుస్తకాలన్నీ స్కూలే అమ్ముతుంది. డబ్బు పోసి కొన్న పుస్తకం రోజూ బడికి రాకపోతే, ఎందుకు కొనిపించారని తల్లిదండ్రులే అడుగుతారు. అతను చెప్పిన తీరు చూస్తే అందులోనూ న్యాయమున్నట్టే ఉంది.

టీ తాగుతూ జిప్పులక్క ఆ బేరాన్ని మనసులో అటూ ఇటూ తిప్పి చూసింది. ఇంత చక్కటి బేరం ఆమె ఎక్కడా చూడలేదు. బరువు అమ్మేది అతనే. బరువుకి మందు అమ్మేది అతనే. మందు బరువెక్కితే, దాన్ని మొయ్యడానికి సంచి అమ్మేది కూడా అతనే. అందులో ఆమె వాటా కుట్టుకూలి. ఆ కుట్టుకూలి కోసం ఆమె లేబుళ్ళ చుట్ట చంకన పెట్టుకుని లేచింది.

*

కొట్లో లేబుళ్ళు పంచింది. జిప్పు పక్కన అంచు విప్పి, లేబుల్ దూర్చి, నాలుగు వైపులా కుట్టెయ్యాలి. సాయంత్రం వ్యాను వచ్చేలోపు అయిపోవాలి. మిషన్లు అందుకున్నాయి. కుడిచేతి వైపు మిషను మాత్రం అందుకోలేదు.

ఆడపడుచు లేబుల్ చదివి, వెనక్కి తిప్పి చూసి, బల్ల మీద పెట్టింది. డాక్టరమ్మ ఏమందో చెప్పమని అడిగింది. జిప్పులక్క చెప్పింది. కొంత చెప్పింది. దారాల సంగతి దాటేసింది.

"పాప చెప్పింది వదినా. అదీ చెప్పింది."

"చెబితే ఏమైంది? ఇవాళ్టి నుంచి దారాలు కత్తిరించొద్దను. కుట్టు ముందు."

"నేను కుట్టను."

పక్క మిషన్ల చప్పుడు ఒక్కొక్కటిగా సన్నగిల్లింది. కత్తిరించే ముసలాయన తలెత్తకుండా గుడ్డ మీద అప్పటికే గీసిన గీతనే మళ్ళీ గీయడం మొదలుపెట్టాడు. జిప్పులక్క గొంతు తగ్గించింది. ఇంట్లో మాట ఇంట్లోనే అనాలని ఆమెకి తెలుసు, కానీ ఈ గదిలో ఇల్లూ కొట్టూ ఒకటే. లోకంలో లేబుల్ లేని సరుకేదంది. సబ్బు మీద తెల్లబడతారని రాస్తారు, నూనె మీద జుట్టు మొలుస్తుందని రాస్తారు. ఎవరు తెల్లబడ్డారు? ఎవరికి మొలిచింది? కొనేవాళ్ళకీ తెలుసు. "అబద్ధమాడేది నువ్వు కాదు, నేను కాదు. లేబులు."

"లేబుల్‌కి చేతులున్నాయా? కుట్టేది నేను."

"కుట్టకపోతే ఎవరు తిండి పెడతారే? ఆ మేనేజరా? నీ డాక్టరమ్మా?"

"నేను కుట్టిన బ్యాగు నేనే కొన్నాను వదినా. మూడు రోజుల కూలి కట్టి కొన్నాను. కొన్నప్పుడు ఏమీ అనలేదు, పిల్లకి తగ్గుతుందిలే అనుకున్నాను." ఆమె లేబుల్‌ని వేలితో బల్ల అంచుకి నెట్టింది. "తగ్గలేదు. మొదటి రోజే తగ్గలేదు. నీ కొట్టు బ్యాగని, నువ్వు నొచ్చుకుంటావని పాప మొన్నటిదాకా నీతో తగ్గిందనే చెప్పింది."

జిప్పులక్క బల్ల అంచున ఉన్న లేబుల్‌ని కోపంగా లాక్కుంది. "లే" అంది. ఆడపడుచు లేచింది. ఆ కుర్చీలో తాను కూర్చుంది. బ్యాగు లాక్కుంది, అంచు విప్పింది, లేబుల్ దూర్చి కుట్టింది. ఇంకోటి కుట్టింది. ఎన్నాళ్ళో అయింది మిషను ముందు కూర్చుని, కుట్టు వంకర పోతోంది. ఆమె కుట్లు వంకర పోవడం ఆ గదిలో ఎవరూ చూసి ఎరగరు. మిగతావాళ్ళు కూడా తలలు దించుకుని కుట్టారు. ఎవరి కూలి వాళ్ళకి కావాలి. ఆడపడుచు వెళ్ళిపోలేదు. గోడవారన నిలబడి, తయారైన బ్యాగుల జిప్పులు మూస్తూ ఉంది. ఆ పని చెయ్యనని ఆమె అనలేదు మరి.

పొద్దు వాలుతుంటే వ్యాను వచ్చింది. డ్రైవరు ఈసారి లోపలికొచ్చాడు. కట్టలు తానే ఎత్తి వెనక తలుపు లోపలికి సర్దుతున్నాడు. సర్దుతూ సర్దుతూ, నోరు తెరుచుకుని ఉన్న ఒక బ్యాగులో లేబుల్ కనపడి ఆగిపోయాడు. కూడబలుక్కుంటూ చదివాడు. మళ్ళీ చదివాడు. తర్వాత బ్యాగు పట్టుకుని జిప్పులక్క దగ్గరికొచ్చాడు.

"అక్కా, ఇలాంటిది ఒకటి బయటివాళ్ళకి అమ్ముతావా? స్కూలు ధరే ఇస్తాను."

ఎవరికని అడిగింది.

"మా వాడికి. ఈ స్కూలు కాదులే, మాకంత ఎక్కడ. వాడి వెన్ను వంకర తిరుగుతోంది. ఏటేటా ఎక్కువవుతోంది. పెద్దాసుపత్రిలో చూపిస్తే ఆపరేషన్ అన్నారు. వచ్చే నెల రమ్మన్నారు." మాట్లాడుతూనే బ్యాగు వీపు దిండుని బొటనవేలితో నొక్కి చూస్తున్నాడు. దిండు లోపలి అట్ట గట్టిగా ఉండడం అతనికి నచ్చినట్టుంది. "ఇది వేస్తే ఆపరేషన్ తప్పుతుందేమో, ఒకసారి చూద్దామని. రక్ష అని రాశారు కదా. నిపుణులు చెప్పారని కూడా ఉంది."

జిప్పులక్క మిషను మీంచి చెయ్యి తీసింది. సబ్బు గురించి, నూనె గురించి పొద్దుట్నుంచీ తిప్పుతున్న లెక్కలో ఈ మనిషి లేడు. కొనేవాళ్ళందరికీ తెలిసే ఉంటుందనుకుంది. ఈయనకి తెలియదు. మార్కెట్లో మూటలు మోసే ఆయనకీ తెలియదు, అందుకే అడిగాడు.

"దీంతో తగ్గదు తమ్ముడూ."

"లేబుల్ మీద..."

"ఉంది. తప్పు రాశారు. ఇది పుస్తకాలు పెట్టుకునే బ్యాగంతే. జిప్పు ఊడితే నన్నడుగు, నడుం సంగతి నాకు తెలియదు. ఆపరేషన్ అన్నారంటే వాళ్ళు చెప్పిన రోజుకి తీసుకెళ్ళు. ఒక్క రోజు కూడా ఆపకు."

డ్రైవరు ఆమె మొహంలోకి చూశాడు. నమ్మినట్టు లేదు. బ్యాగు అమ్మడం ఇష్టం లేక అలా అంటోందని అనుకున్నట్టుంది. "తప్పని తెలిసి ఎందుకు కుట్టావు మరి?" అని అడిగాడు. ఎకసెక్కంగా అడగలేదు. నిజంగానే అర్థం కాక అడిగాడు.

ఆమె లేచి వెళ్ళి, వ్యాను వెనక తలుపు దగ్గర నిలబడింది. పై కట్ట లాగి కిందికి దించింది. జాకెట్టులో ఫోన్‌తోపాటు డాక్టరమ్మ కాగితం కూడా చేతికొచ్చింది. కాగితం లోపలికి తోసేసి, మేనేజరుకి ఫోన్ చేసింది. గదిలో వాళ్ళకి ఆమె మాటలే వినపడుతున్నాయి, అవతలివి వినపడటం లేదు.

"బ్యాగులు ఇస్తానండీ. లేబుళ్ళు ఇవ్వను... లేదండీ, సంతకం గురించి కాదు... పోతే పోనివ్వండి... లేదు, గుడ్డసంచులు కూడా కుట్టను... మీ మాట నేను వింటూనే ఉన్నానండీ. నా మాట కూడా వినండి. బ్యాగుగా కావాలంటే పంపుతాను. మందుగా కావాలంటే నా దగ్గర లేదు."

అవతలి నుంచి ఏదో చాలాసేపు వచ్చింది. ఆమె ఫోన్ చెవికి కాస్త ఎడంగా పట్టుకుని విన్నది. ఆఖరికి డ్రైవరుకి ఇమ్మన్నట్టున్నాడు, ఇచ్చేసింది. డ్రైవరు "సార్", "సార్" అంటూ విన్నాడు, ఆమె వైపు చూశాడు, మళ్ళీ "ఆగండి సార్, కనుక్కుంటాను" అన్నాడు.

లోపల కుట్టేవాళ్ళలో ఒకామె, ఈ వారం కూలి సంగతేమిటక్కా అని మెల్లగా అడిగింది. ఆడపడుచు బల్ల సొరుగులోంచి బ్లేడు తీసి, జిప్పులక్క కుట్టిన బ్యాగే మొదట దగ్గరికి లాక్కుంది. వంకర కుట్టు కాబట్టి లేబుల్ విప్పడం కష్టంగానే ఉంది.

డ్రైవరు వ్యాను దగ్గరే నిలబడి ఉన్నాడు. వెనక తలుపులు రెండూ బార్లా తెరిచే ఉన్నాయి, సగం కట్టలు లోపల, సగం రోడ్డు మీద. ఒక చేతిలో ఫోన్‌లో మేనేజరు ఇంకా మాట్లాడుతూనే ఉన్నాడు. రెండో చేతిలో కొడుకు కోసం అడిగిన బ్యాగుంది. దాన్ని అతను లోపల పెట్టలేదు, తిరిగి ఇవ్వనూ లేదు.